దుప్పటి కప్పిన తొట్టి

అక్క పోయాక ఆ ఇంట్లో ఊపిరున్నట్టు కనిపించేది హాల్లో అక్వేరియం ఒక్కటే. అమ్మ పొద్దస్తమానం దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చునేది. చేపలకు మేత వేశాకే తను రెండు ముద్దలు తినేది. ఆ తొట్టి పాడైతే అమ్మ కూడా దక్కదని చిన్నకూతురి భయం.

పాడవుతూనే ఉంది. అక్క రోజూ పాత టూత్‌బ్రష్షు పట్టుకుని అద్దం లోపలివైపు గర గర రుద్దేది. "నీళ్ళు చిందించకే ఉడతా!" అని వెనకే తిరిగే చెల్లెల్ని కసిరేది. ఆ పేరుతో ఇంకెవరూ పిలిచేవాళ్ళు కాదు.

ఆ చెయ్యి ఆగిందో లేదో, నాచు పట్టుకుంది. ఆకుల మీద, రాళ్ళ మీద, పంపు గొట్టం మీద ఆకుపచ్చటి వెంట్రుకల్లా వేలాడింది. చిన్నది నీళ్ళు మార్చింది. మేత తగ్గించింది. నత్తల్ని తెచ్చి వదిలింది. అవి తిని పడుకున్నాయే గానీ నాచు తగ్గింది లేదు.

"బతిమాలితే పోయేది కాదమ్మా అది," అన్నాడు చేపల కొట్టాయన. "లైటు ప్లగ్గు పీకేసి, మందపాటి దుప్పటి కప్పెయ్. మూడు రోజులు. మొక్కలు తట్టుకుంటాయి, నాచు చస్తుంది. మధ్యలో ఎత్తి చూశావా, మళ్ళీ మొదటికే!"

ఇంట్లో మందంగా ఉన్నది అక్క దుప్పటి ఒక్కటే. అదే కప్పింది.

"వద్దే," అంది అమ్మ. "చీకటంటే పడదు."

"చేపలకేం కాదమ్మా. పంపు ఆడుతూనే ఉందిగా."

"నేననేది చేపల సంగతి కాదు."

అక్క ఈ తొట్టి లైటు వేసుకునే నిద్రపోయేది, అంత పెద్దదయ్యాక కూడా. ఇద్దరికీ గుర్తుంది. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

రెండో రోజు మిట్టమధ్యాహ్నం. కిటికీ తెరలు వేసి ఉన్నాయి. హాలంతా తడిసిన జుట్టు వాసన. దుప్పటి అంచు కింద, సన్నగా, ఆకుపచ్చటి వెలుగు...

"లైటు వేశావా అమ్మా?"

"నేను కుర్చీలోంచి లేస్తేగా."

వంగి చూసింది. ప్లగ్గు నేల మీదే పడి ఉంది.

గర గర.

లోపల్నుంచి. అద్దం రుద్దుతున్న చప్పుడు.

చిన్నదాని చెయ్యి దుప్పటి మీదికి పోయింది. అమ్మ ఆ చేతిని పట్టుకుంది. అమ్మ ముఖంలో, ఎన్నాళ్ళకో, నవ్వు.

"ఉండవే," గుసగుసగా అంది. "తోముకోనీ."

ఎత్తలేదు. ఆ నవ్వు చూశాక ఎలా ఎత్తుతుంది?

గడువు తీరిన పొద్దున దుప్పటి లాగేసింది. ఒక్క నాచు పోగు లేదు. అంత చీకట్లోనూ మొక్కలు చిగురేశాయి. చేపలు మాత్రం ఓ మూలన గుంపుగా చేరి, కదలకుండా, అన్నీ అమ్మ గదివైపే చూస్తున్నాయి.

"అమ్మా! లేచి చూడు, పోయింది!"

గదిలోకి పరిగెత్తింది.

అమ్మ మంచం మీద నిండా ముసుగు తన్ని పడుకుంది. ఎంత చలేసినా ఊపిరాడదంటూ ముఖం కప్పుకోని అమ్మ.

దుప్పటి అంచు కింద, సన్నగా, ఆకుపచ్చటి వెలుగు.

గర గర. గర గర.

"అమ్మా...?"

చప్పుడు ఆగింది. లోపల్నుంచి మెల్లగా పలికింది అమ్మ గొంతే.

"ఎత్తకే ఉడతా... మూడు రోజులాగు."