ఏటి వంతెన దగ్గర లారీ ఆపకు

ఎండిపోయిన ఆ ఏటి మీది వంతెనకి మంచి పేరు లేదు, దెయ్యాలున్నాయంటారు. రాత్రి అటు వెళితే రోడ్డుకి అడ్డంగా నిలబడతారట... ఒంటి మీద కండ ఉండదట, కళ్లు లోపలికి పోయి ఉంటాయట, చేతులు చాస్తారట. ఆపావో, నీ పని అయిపోయినట్టే!

"ఆపకు. తొక్కించెయ్." గోదాములో డ్రైవర్లు కొత్తవాడికి మొదట నేర్పే పాఠం అదే. మహా ధైర్యవంతులు మరి!

కరువొచ్చిన రెండో ఏడు. కొండ అవతలి కరువు సహాయ శిబిరానికి ధాన్యం బస్తాలు వేసుకుని ఓ డ్రైవరు బయల్దేరాడు. పక్కన అతని బావమరిది. నాకీ సంగతి చెప్పింది ఆ బావమరిదే.

మలుపు తిరిగారు. లైట్ల వెలుగులో... నిలబడి ఉన్నారు. పదిమందో, ఇరవైమందో.

"బావా..."

"నోర్ముయ్. కళ్లు మూసుకో."

డ్రైవరు స్పీడు పెంచేశాడు.

దభీమని ఒక దెబ్బ... ఏదో ఎగిరొచ్చి అద్దానికి గుద్దుకుంది — ముఖం! అద్దం బీటలు వారింది. చక్రాల కింద ఎముకలు పటపట విరిగాయి. ఎవరో తలుపు పట్టుకుని వేలాడుతున్నారు. డ్రైవరు ఇనుపరాడ్డు తీసి ఆ వేళ్ల మీద కొట్టాడు... మళ్లీ కొట్టాడు. పట్టు వదిలింది. కేక మాత్రం చాలా దూరం వినబడింది.

మైలు దాటాక ఆపి దిగారు. బావమరిది బంపరు మీద చెయ్యి పెట్టాడు. తడి... ఇంకా వెచ్చగానే ఉంది.

"బావా... దెయ్యానికి రక్తం ఉంటుందా?"

డ్రైవరు తెల్లవార్లూ రోడ్డు పక్కనే కూలబడి, వెలుగు రాగానే లారీ వెనక్కి తిప్పాడు.

దెయ్యాలూ లేవు, ఏమీ లేవు. ఏటిగట్టు వెనక ఓ ఊరుంది. పంట పోయి ఏడాది దాటింది. దెయ్యాల భయంతో సాయం కోసం జనాన్ని రాసుకునే గుమాస్తా కూడా అక్కడ దిగలేదు. కాగితాల్లో ఆ ఊళ్లో మనుషులే లేరు! వారానికి మూడు లారీల తిండి వాళ్ల ముందు నుంచే పోయేది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

డ్రైవరు తనే బస్తాలు దించాడు. జనం పగిలిన అద్దం చూశారు, ధాన్యం చూశారు... చేతులు చాచారు. చూపు ఆనని ఓ ముసలమ్మ మాత్రం తడుముకుంటూ వచ్చి అతని తల నిమిరింది.

"రాత్రి ఎవడో నా కొడుకుని తొక్కించుకుపోయాడు నాయనా... నువ్వు ఆగావు. నీ పిల్లలు చల్లగా ఉండాలి."