కోటికి మూడు

లెక్కల మాస్టారిని ఉదయం ఎనిమిదింటికి, ఆఫీసు లిఫ్టులో, ఒకే తూటాతో చంపేశారు. ముక్కు మీది కళ్లద్దాలు కూడా జారలేదు.

తొమ్మిదింటికి ఏజెంట్ సూది చీఫ్ ముందు నిలబడ్డాడు.

"ఫ్యాక్టరీ గాలి పీల్చినవాళ్లలో ఎందరికి క్యాన్సర్ వస్తుందో మాస్టారు లెక్కల మోడల్ కట్టాడు. గాలిలో విషం ఒక పాలు పెరిగితే ముప్పు ఎంత పెరుగుతుందో చెప్పే అంకె అందులో కీలకం. దాన్ని స్లోప్ అంటారు. విదేశీ ముఠా దాన్ని బాగా తగ్గించి మార్పించింది. అసలు ఫైలు చెరిపేశారు. పదకొండింటికి ఫ్యాక్టరీ అనుమతి మీద కమిటీ సంతకం పెడితే ఊరు ఊరంతా జీవితాంతం ఆ గాలే పీల్చాలి."

"మార్చిందెవరు సర్?"

"మాస్టారి అసిస్టెంట్. మనం పెట్టిన ఆవిడే. వాళ్ల మనిషి కూడా."

"అసలు అంకె ఆవిడకి గుర్తుందా?"

"ఉంది. చచ్చినా చెప్పదు."

"అయితే చావు సంగతే అడుగుతాను."

పదిన్నరకి ఫైర్ ఇన్‌స్పెక్టర్ యూనిఫాంలో సూది ల్యాబ్‌కి వెళ్లాడు. తనిఖీ అని చెప్పి అసిస్టెంటుని శాంపిల్ గదిలోకి తీసుకెళ్లాడు. పట్టు చీర, ఖరీదైన సెంటు, తొణకని నవ్వు. లోపల గడియ పెట్టి, మాస్కు తగిలించుకుని, సిలిండర్ వాల్వు తిప్పాడు.

"ఏమిటిది?"

"మీ ఫ్యాక్టరీ గాలే మేడమ్. మీటర్ ఏడు వందల నలభై చూపిస్తోంది. పదిహేను నిమిషాలు పీలిస్తే మీకు క్యాన్సర్ వచ్చే అవకాశమెంత? లెక్కేసి చెప్పండి."

ఆమె చెయ్యి మాస్కు మీదికి వచ్చింది. సూది ఆమె చిటికెన వేలు పట్టుకుని వెనక్కి విరిచాడు. పుల్ల విరిగినట్టు చప్పుడైంది.

"ఇంకా తొమ్మిదున్నాయి. లెక్కపెట్టుకోడానికి పనికొస్తాయి."

ఆమె గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. అంత నొప్పిలోనూ పెదాలు గుణిస్తున్నాయి. కాసేపటికి నవ్వింది.

"కోటికి మూడు. ఇంతేనా నీ బెదిరింపు? సాయంత్రం దాకా ఇక్కడే కూర్చుంటాను, పో."

"సరిగ్గా వేశారా?"

"నా ఊపిరితిత్తులయ్యా. నాకు నేను తప్పు లెక్క వేసుకుంటానా?"

సూది కాలర్ గుండీలోని మైకు దగ్గరికి తల వంచాడు. "విన్నావా?"

చెవిలో ఆఫీసు గణాంక నిపుణుడి గొంతు పలికింది. "విన్నాను. ఆవిడ రిపోర్టులో అంకెతో వేస్తే వంద కోట్లకి మూడే రావాలి. దానికి వందింతలు చెప్పింది. మీటర్ రీడింగూ నిమిషాలూ మన దగ్గరున్నాయిగా, వెనక్కి భాగించాను. మాస్టారి స్లోప్ దొరికింది."

సూది ఆ మాటే ఆమెకి వినిపించాడు. నవ్వు మొహం మీదే చచ్చిపోయింది.

"తలుపు తియ్యి."

"సాయంత్రం దాకా అన్నారుగా." అతను బయటికొచ్చి గొళ్లెం పెట్టాడు.

పదకొండు కావడానికి అర నిమిషం ఉంది. ఛైర్మన్ కలం కాగితాన్ని తాకుతుండగా సూది టేబుల్ మీద మాస్టారి అసలు స్లోప్ రాసిన కాగితం, రికార్డర్ పెట్టి మీట నొక్కాడు. గదిలో ఆమె గొంతు మాత్రమే వినిపించింది. ఛైర్మన్ కలం మూత పెట్టేశాడు. ముఠా తరఫున వచ్చిన విదేశీ ప్రతినిధి లేవబోయాడు. వెనకనున్న పోలీసు అతన్ని భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్. ఆవిణ్ణి బయటికి తెచ్చావా?"

"ఇప్పుడే టీ పోశారు సర్. తాగి వెళ్తాను."