బల్ల కింద పాయింటు

మేడ మీద గది నిండా బల్ల, బల్ల నిండా రైలు. అరచేతిలో పట్టే ఇంజను, అగ్గిపెట్టెలంత పెట్టెలు, అట్టముక్కలతో కట్టిన స్టేషను. అన్నీ మా ఆయన చేత్తో చేసినవే. ఆయన పోయాక నేను ఆ గదిలోనే, బల్ల పక్కన పడుకుంటున్నాను. కింద ఇంట్లో మనుషులు లేక కాదు, నేను మాట్లాడితే పడేవాళ్ళు లేక.

ఇప్పుడు ఆ గది బావగారికి కావాల్సొచ్చింది. కొడుక్కి పెళ్ళి కుదిరింది.

“నడవని బొమ్మకి ఇంత గదెందుకమ్మాయ్?” అన్నారు.

“నడిచేదే బావగారూ. మొన్న మీరొచ్చి బొత్తం మీద వేలు పెట్టి ధ్యానంలోకి వెళ్ళిపోయారు చూడండి, అప్పుడు చెడింది.”

ఆయన ముఖం మాడ్చుకున్నారు. “సరే. సాయంత్రం నేనే వచ్చి ఆ బొత్తం నొక్కుతాను. బండి స్టేషనులోకి తిరిగితే గది నీది. చేత్తో తోస్తే ఒప్పుకోను.”

పట్టా రెండుగా చీలే చోటుని పాయింటు అంటారు. దానికి సరిగ్గా అడుగున, బల్ల కింద, చిన్న మోటారు ఉంటుంది. అందులో రెండు కాయిల్స్. ఒకటి పట్టాని కుడికి, స్టేషను వైపు లాగుతుంది. రెండోది ఎడమకి. బొత్తం ఇలా నొక్కి అలా వదిలెయ్యాలి, పట్టుకు కూచుంటే కాయిల్ కాలిపోతుంది. నాకిది ఎవరూ నేర్పలేదు. మా ఆయన పుస్తకాలన్నీ చదివాను, ఆయన కొని చదవనివి కూడా.

మధ్యాహ్నం నుంచీ వాన. తీగ తెగిందో లేదో పలికి చెప్పే మీటరు తీసుకుని బల్ల కిందకి దూరాను. దుమ్ము వాసన, కాలిన వార్నిషు వాసన. ఎడమ కాయిల్‌కి ఆనిస్తే మీటరు పలికింది. కుడిదానికి పలకలేదు. లోపల తీగ తెగిపోయింది. సాయంత్రంలోగా కొత్తది దొరికే దారి లేదు. విసుగొచ్చి మోటారు వైర్లన్నీ పీకేశాను. అక్కడే వెల్లకిలా పడుకుని ఏడుద్దామనుకున్నాను. అలవాటు లేని పని, కుదర్లేదు.

అప్పుడు కరెంటు పోయింది.

బల్ల కింద కటిక చీకటి. కిటికీ మీది రేకు మీద వాన మోత. ఆ మోతలోంచి...

టక్.

నా ముఖానికి జానెడు పైన. పాయింటు మారింది.

కరెంటు లేదు. వైర్లు నా గుప్పిట్లో ఉన్నాయి.

టక్.

మోటారు నుంచి ఒక సన్నటి కడ్డీ పైకి వెళ్ళి పట్టాని కదుపుతుంది. తడుముకుంటూ దాని మీద వేలు పెట్టాను. కదిలింది. నా వేలిని నెట్టింది. ఇనుము నెట్టినట్టు కాదు... మెత్తగా... ఆగి ఆగి...

“మీరేనా?” గుసగుసగా అడిగాను.

టక్.

సిగ్గు విడిచి చెప్తున్నాను, సంతోషమే వేసింది. “ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారు?” అన్నాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

వేలు ఇంకొంచెం ముందుకి జరిపాను. కడ్డీకి అవతల ఇంకో వేలు తగిలింది. చల్లగా. సన్నగా. చివర పొడుగాటి గోరు.

మా ఆయన గోళ్ళు కొరుక్కునే మనిషి. పోయే ముందురోజు కూడా ఆసుపత్రి మంచం మీద కొరుక్కుంటూనే ఉన్నారు.

అరవలేదు. అరిస్తే వచ్చేది ఎవరు? నన్ను ఖాళీ చేయించేవాళ్ళే. కింద వంటింటి పక్కన నాకోసం పరిచే చాప కళ్ళ ముందు మెదిలింది. దాని చుట్టూ రోజంతా మనుషులు తిరుగుతారు, ఒక్కరూ పలకరించరు. ఆ వేలి కన్నా ఆ చాపే నన్ను ఎక్కువ భయపెట్టింది.

“ఎవరైతేనేం,” అన్నాను. “బావగారు బొత్తం నొక్కినప్పుడు... కుడికి తొయ్యి. నాకీ గది కావాలి.”

 తర్వాత ఆ గోరు నా వేలిని, కొస నుంచి మొదలు దాకా, నెమ్మదిగా గీరింది.

టక్.

కరెంటు వచ్చాక బావగారూ, ఆయన భార్య అంటే మా అక్కా మెట్లెక్కి వచ్చారు. నేను వైర్లు బిగించలేదు, బిగించి లాభం లేదు. బండి నడిపే మీట దగ్గర నిలబడ్డాను. అక్క నా పక్కనే, బల్ల అంచుని కింద నుంచి పట్టుకుని నిలబడింది. బావగారు అవతలి వైపు. బొత్తం మీద వేలు పెట్టి, నావైపు చూసి, ఈసారి వెంటనే తీసేశారు.

టక్. బండి వయ్యారంగా స్టేషనులోకి తిరిగింది.

“సరేలే. గది నీదే,” అన్నారు చేదుమాత్ర మింగినట్టు. మెట్లు దిగి వెళ్ళిపోయారు.

బండి ఆగినా నేను మీటని ఇంకా రెండు చేతులతోనూ పట్టుకునే ఉన్నాను.

అక్క కదల్లేదు. కళ్ళు ఆగిన బండి మీదే ఉన్నాయి.

“గెలిచావులేవే,” అంది నవ్వుతూ. “ఇంక నా చెయ్యి వదులు. నీ వేళ్ళేంటే, మరీ ఇంత చల్లగా ఉన్నాయి?”