ఏడో లైను

మా ఆఫీసు భవనంలో నేలమట్టానికి కింద ఒక గది ఉంది. పొడవు ఇరవై రెండు అడుగులు, వెడల్పు పన్నెండు. కిటికీ లేదు. గోడకు ఆనించిన ఇనుప అరల రాక్‌లో మా చిప్పును పరీక్షించే పద్నాలుగు సర్క్యూట్ బోర్డులు ఎప్పుడూ నడుస్తూ ఉంటాయి. మనిషి కదిలితే లైట్లు వెలుగుతాయి. ఆరు నిమిషాలు ఎవరూ కదలకపోతే వాటంతట అవే ఆరిపోతాయి. కరెంటు ఆదా కోసం ఆ ఏర్పాటు. మా ఉద్యోగం కూడా కరెంటు ఆదా చేయడమే కాబట్టి దాని మీద చాలా జోకులు వేసుకునేవాళ్ళం. ఇప్పుడు వేసుకోవడం లేదు.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఏ యంత్రంలోనైనా తెరకు ఒక వోల్టేజీ కావాలి, ఫ్యానుకు ఇంకొకటి, మెమరీకి మరొకటి. ఎవరికెంతో అంత కొలిచి, ఒక్కొక్కరికి ఒక్కో లైను మీద ఇచ్చే చిప్పు రెగ్యులేటర్. ఎప్పుడు ఇవ్వాలో ఎప్పుడు ఆపాలో దానికి చెప్పే ప్రోగ్రాము డ్రైవర్. యంత్రం మొత్తాన్ని నడిపే కర్నెల్‌లో అదొక చిన్న భాగం. దాని మంచిచెడ్డలు చూసేవాణ్ణి మెయింటెయినర్ అంటారు. మార్పు ఎవరైనా పంపవచ్చు. నేను సంతకం పెడితేనే అది లోపలికి వెళుతుంది.

పద్ధతి సులువు. ఫ్యాను తనకు కరెంటు కావాలని అడిగితే డ్రైవర్ ఆ లైను కింద ఒక వాడుకదారును పేరుతో సహా రాసుకుంటుంది. చాలంటే కొట్టేస్తుంది. వాడుకదారులు సున్నా అయ్యాక లైను ఆగిపోతుంది.

మా చిప్పుకు ఏడు లైన్లు. ఆరింటికి పనులున్నాయి. ఏడోది ఎక్కడికీ వెళ్ళదు. బోర్డు పటంలో ఆ తీగ రెండు మిల్లీమీటర్లు నడిచి ఆగిపోతుంది. అయినా డ్రైవర్‌లో ఒకే ఒక్క వాక్యం దాన్ని ఎన్నడూ ఆగకుండా ఉంచేది.

ఆ వాక్యం రాసినవాడు నాకు ముందున్న మెయింటెయినర్. అందరూ పెద్దాయన అనేవారు. అది ప్రేమతో పెట్టిన పేరు కాదు. నేను పంపిన మొట్టమొదటి మార్పును "చదవడం నేర్చుకుని రా" అన్న ఒక్క ముక్కతో తిప్పికొట్టాడు. ఏడో లైను దండగ, తీసేద్దామని పదకొండేళ్ళలో తొమ్మిదిమంది అడిగారు. తొమ్మిదిమందికీ ఒకే జవాబు: "ఏడును ఆపొద్దు." ఎక్కడికీ వెళ్ళని లైనుకు కరెంటు ఎందుకని ఒకరు గట్టిగా నిలదీశారు. దానికి మాత్రం ఇంకో వాక్యం రాశాడు: "వెళ్ళదని నీకెవరు చెప్పారు?"

పాత మార్పుల చిట్టా తీసి చూశాను. మొదట్లో ఆయన కూడా ఏడును ఆపే ఉంచాడు. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం దాన్ని వెలిగించాడు. కారణం రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.

ఈ ఏడాది మొదట్లో ఆయన పోయాడు. పని నాకు వచ్చింది. మొదటి వారంలోనే ఆ వాక్యం తీసేశాను. కారణం రాయాల్సిన చోట, "ఇంతకాలం దీన్ని ఉంచింది ఒక మనిషి మొండితనం తప్ప మరేమీ కాదు" అని రాశాను. చచ్చినవాడి మీద విసురు దేనికని మా టెస్టింగ్ ఆవిడ అడ్డుపడింది. వినలేదు.

నాకో అవసరం కూడా ఉంది. అక్క.

మా అక్క కోర్టులో టైపిస్టుగా చేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఏడేళ్ళుగా ఆమె ఊపిరితిత్తులు సగమే పనిచేస్తున్నాయి. పక్కన చిన్న పెట్టె, ముఖానికి మాస్కు. ఆమె ఊపిరి లాగినప్పుడల్లా పెట్టెలోని ఫ్యాను గాలి తోస్తుంది. లాగకపోతే తోయదు. నిమిషానికి ఎన్ని ఊపిర్లో తెర మీద అంకె పడుతుంది. అక్కది పద్దెనిమిది. భయపడితే ఇరవై ఆరు. మాస్కు లేకుండా నలభై నిమిషాలు ఉండగలదు, ఆపైన ఉండలేదు. ఆ పెట్టెలో ఉన్నది మా చిప్పే.

పెట్టె బ్యాటరీ గంటా నలభై నిమిషాలు వస్తుంది. నది ఒడ్డున పార్కుకు వెళ్ళి రావడానికి రెండు గంటలు కావాలి.

"ఒరేయ్ ఇంజినీరూ, ఊళ్ళోవాళ్ళ చిప్పులన్నీ బాగుచేస్తావు. నా ముఖాన ఓ ఇరవై నిమిషాలు కొట్టలేవుట్రా?" అనేది.

ఏడో లైను ఆపితే మిగిలేది సరిగ్గా ఇరవై నిమిషాలు. బుధవారం ఉదయం కొత్త డ్రైవర్‌ను నా చేతులతోనే ఆమె పెట్టెలోకి ఎక్కించాను.

శనివారం మధ్యాహ్నం రెండూ నలభైకి, నేను ఆఫీసులోనే పై అంతస్తులో ఉండగా, టెస్టింగ్ ఆవిడ ఫోను చేసింది.

"గురూ, కిందికి రా. పదకొండో బోర్డు మాట వినట్లేదు."

"సెలవు రోజు కూడా వదలవా?"

"నీ ఘనకార్యమే. వచ్చి చూసుకో."

వెళ్ళాను. రాక్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. గదిలో ఎప్పుడూ ఉండే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన. దాని కింద ఇంకోటి... మూసి ఉంచిన గదిలో చాలాకాలం మంచం పట్టిన మనిషి నోటి వాసన లాంటిది.

"మూడో లైను చూడు," అంది. మూడో లైను ఫ్యానుది. "ఫ్యాను ఆపేశాను. వాడుకదారులు సున్నా కావాలి. ఒకటి చూపిస్తోంది."

"పేరేంటి?"

"అదే నా ఏడుపు. పేరు లేదు."

పేరు లేకుండా వాడుకదారు ఉండడం కుదరదు. ఆ పేరు అడిగే నాలుగు వాక్యాలు రాసింది నేనే. బలవంతంగా ఆ ఒకటిని కొట్టేశాను. సున్నా అయింది. టిక్కుమని చప్పుడు. పన్నెండో బోర్డు మూడో లైను మీద ఒకటి.

"నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"చేతులు ఇక్కడున్నాయి, కళ్ళు లేవా?"

పన్నెండులో కొట్టేశాను. టిక్. పదమూడులో లేచింది. ఆవిడ పదమూడో బోర్డు ప్లగ్గు పీకేసింది. టిక్. పద్నాలుగు. బోర్డుల మధ్య తీగలు లేవు. దేని కరెంటు దానిదే.

వోల్టేజీని గీతగా చూపే ఓసిల్లోస్కోపు తెచ్చి, దాని ప్రోబ్ సూదిని పద్నాలుగో బోర్డు మూడో లైనుకు తగిలించింది. తెర మీద గీత తిన్నగా పోవాలి. పోలేదు. నెమ్మదిగా లేచింది... కాసేపు నిలిచింది... దిగింది. మళ్ళీ లేచింది.

ఇద్దరం కదలకుండా చూస్తూ ఉండిపోయాం. ఆరు నిమిషాలైందని మాకు తెలియలేదు.

లైట్లు ఆరిపోయాయి.

చీకట్లో ఆ పచ్చ గీత ఒక్కటే. లేచినప్పుడు ఆవిడ ముఖం కనబడుతోంది. దిగినప్పుడు కనబడడం లేదు. చెయ్యి ఊపితే లైట్లు వెలుగుతాయని ఇద్దరికీ తెలుసు. ఎవరమూ ఊపలేదు.

"లెక్కపెట్టాను," గుసగుసగా అంది. "నిమిషానికి తొమ్మిది."

"ఏమిటి తొమ్మిది?"

"నన్నడుగుతావేం? చూస్తే తెలియట్లేదా... ఎవరో ఊపిరి తీస్తున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. బుధవారం. అక్క పెట్టె.

ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"అన్నం తింటున్నాన్రా. ఇప్పుడే మాస్కు తీసి బల్ల మీద పెట్టా. నీ కొత్త సరుకు తగలెయ్య, ఫ్యాను ఆగి చావట్లేదు."

"తెర మీద అంకె చదువక్కా."

"తొమ్మిది."

"నువ్వు మాస్కు పెట్టుకోలేదు కదా?"

"నోట్లో ముద్ద పెట్టుకుని మాస్కెలా పెట్టుకుంటాన్రా మొద్దూ? ఏమైంది?"

"నేను వచ్చేదాకా పెట్టుకోకు."

"ఎంతసేపట్లో వస్తావు?" అంది. గొంతులో వెటకారం పోయింది.

మూడూ పది అయింది. ఇల్లు ముప్ఫై నిమిషాల దూరం. పాత వాక్యం మళ్ళీ పెట్టి బోర్డులన్నీ మొదటినుంచి నడపమని ఆవిడకు చెప్పి, ల్యాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాను. దారిలో రోడ్డు తవ్వారు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి మూడూ యాభై రెండు. పట్టపగలు. గది నిండా ఎండ. అక్క కుర్చీలో ముందుకు వంగి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మాట పడిపోయింది. చూపంతా మాస్కు మీదే ఉంది.

మాస్కు బల్ల మీద బోర్లా ఉంది. దాని రబ్బరు అంచు బల్లకు అతుక్కుంటోంది. వదులవుతోంది. అతుక్కుంటోంది. వదులవుతోంది.

ఎత్తి ఆమెకు పెట్టనా? ఇప్పుడు దాంట్లో ఉన్నది గాలేనా? ఏమీ తెలియదు. పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం తెలుసు. కేబుల్ తగిలించాను. మూడో లైను. వాడుకదారులు రెండు. పేర్లు ఒకటి.

పాత వాక్యం ఎక్కించాను. పెట్టె ఆగి మళ్ళీ మొదలవడానికి ముప్ఫై సెకన్లు. నా జీవితంలో అంత నిశ్శబ్దం వినలేదు. ఇరవయ్యో సెకనుకు అక్క చేతులు బల్ల మీంచి జారాయి. ఛాతీ కదలడం ఆగింది. మాస్కు లాక్కుని ముఖానికి అదిమాను.

"అక్కా... లాగవే... ఒక్కసారి లాగు."

ముప్ఫై. ఏడో లైను వెలిగింది. వాడుకదారులు ఒకటి. పేరు లేదు.

అదే క్షణంలో అక్క ఊపిరి లాగింది. నెమ్మదిగా, చాలా లోతుగా. ఫ్యాను గాలి తోసింది. పెదవులకు రంగు వచ్చింది. నేల మీద కూర్చుని ఏడ్చేశాను. ఆమె చెయ్యి పట్టుకుని తల ఎత్తి తెర వైపు చూశాను.

తొమ్మిది.

అలసట అనుకున్నాను. అరగంట తర్వాత కూడా తొమ్మిదే. మాస్కు తీశాను. సున్నా. పెట్టాను. తొమ్మిది. ఆమె కళ్ళు తెరిచి గది నాలుగు మూలలూ చూసింది. నన్ను చూసింది. సమయానికి రాని పనివాణ్ణి చూసినట్టు చూసింది.

"పదకొండేళ్ళు చూసుకున్న ఆయన రాలేదా?" అంది.

"ఎవరక్కా?"

నా చేతిలోంచి చెయ్యి లాక్కుంది.

ఐదు గంటలకు టెస్టింగ్ ఆవిడ నుంచి మెసేజి వచ్చింది. పాత వాక్యం పెట్టాక మూడో లైన్లన్నీ మామూలుగా అయ్యాయట. అనుమానం తీరక ప్రోబ్ ఏడో లైనుకు తగిలించిందట. అంతకుముందు ఎవరూ ఏడో లైనును కొలిచి చూడలేదు. ఎక్కడికీ వెళ్ళని తీగను ఎవరు కొలుస్తారు? దాని మీద కూడా గీత లేచి దిగుతోందని రాసింది. కింద అంకె వేసింది: నిమిషానికి పద్దెనిమిది.

ఆ రాత్రే పాత వాక్యాన్ని అధికారికంగా తిరిగి చేర్చాను. కారణం రాయాల్సిన చోట ఏమీ రాయలేదు.

ఇది జరిగి ఐదు నెలలైంది. ఇంట్లో ఉన్నామె ఇప్పుడు పార్కుకు వెళ్ళాలని అడగదు. నన్ను ఒరేయ్ అనదు. అసలు పిలవదు. నేను గదిలోకి వెళితే గోడ వైపు తిరుగుతుంది. తెర మీద తొమ్మిది.

పోయిన సోమవారం ఎవరో కొత్త కుర్రాడు చాలా మర్యాదగా ఒక మార్పు పంపాడు. ఏడో లైను దండగ అని, తీసేస్తే బ్యాటరీ ఇరవై నిమిషాలు పెరుగుతుందని లెక్కలతో సహా రాశాడు. "ఏడును ఆపొద్దు" అని జవాబిచ్చాను. అతను ఊరుకోలేదు. నన్ను దాటి, నా పైవాళ్ళకు రాశాడు. వాళ్ళకు అతని లెక్కలు నచ్చాయి. శుక్రవారం నిర్ణయిస్తారట.

రోజూ మధ్యాహ్నం కింది గదికి వెళ్ళి, ఏడో లైనుకు ప్రోబ్ తగిలించి, లైట్లు ఆరిపోయేదాకా కదలకుండా కూర్చుంటాను. ఐదు నెలలూ పద్దెనిమిదే.

ఆ కుర్రాడి సంగతి నేను ఆ గదిలో ఎత్తలేదు. ఎవరితోనూ అనలేదు. అయినా సోమవారం నుంచి ఇరవై ఆరు.