గురక పెట్టి నవ్వించే గైడు

ఆ పాత రేవు చూడ్డానికి ఏ బడి పిల్లలొచ్చినా లైట్‌హౌసు ఎక్కించేది ఆ గైడే. మంచి మాటకారి. గిడ్డంగులూ కోటగోడలూ చూసి ఆవులించే పిల్లలు కూడా పైగదికి చేరేసరికి అతని చుట్టూ మూగేవాళ్ళు. అక్కడ తాగుబోతు కాపలాదారు కథ చెప్పేవాడు. తుఫాను రోజు దీపం వెలిగించాల్సినవాడు పీకలదాకా తాగి గురక పెట్టాడట. ఓడ వచ్చి రాళ్ళకి కొట్టుకుందట. గైడు ఆ గురక పెట్టి చూపిస్తే పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు.

కింద టికెట్లు చింపే ముసలామె మాత్రం నవ్వేది కాదు. ఆ కాపలాదారు ఆమె తండ్రి. రేవు యజమానులు దీపానికి చమురే పంపలేదనీ, ఓడని ఆపడానికి చిన్న పడవలో వెళ్ళి తండ్రి మునిగిపోయాడనీ గైడుకి ఎన్నోసార్లు చెప్పింది. చనిపోయేముందు కూడా అతని చెయ్యి పట్టుకుంది.

"మా నాన్న చుక్క ముట్టలేదు బాబూ. ఆ మాట మానెయ్యి."

ఏడిపించే కథ ఎవరికి కావాలమ్మా అని అతను చెయ్యి విడిపించుకున్నాడు.

ఆమె పోయాక వచ్చిన మొదటి బడి ఇదే. మబ్బు పట్టిన మధ్యాహ్నం. మెట్లెక్కుతుంటే గుప్పున చమురు వాసన కొట్టింది. ఆ దీపం మూలపడి ఏళ్ళయింది కదా, ఈ వాసనెక్కడిదా అనుకున్నాడు. పైగదిలో గాలి ఆడటం లేదు. సముద్రం హోరు కూడా వినబడలేదు.

కథ మొదలుపెట్టాడు. గురక పెట్టాడు.

ఒక్కరూ నవ్వలేదు.

పిల్లలంతా అతని భుజం మీదుగా వెనక్కి చూస్తున్నారు. తిరిగి చూశాడు. దీపం అద్దాలు తప్ప ఏమీ లేవు...

గురక ఆపాడు. అది ఆగలేదు. అతని గొంతులోంచే... ఎక్కడో లోతునుంచి... వస్తూనే ఉంది.

చెవి పక్కన తడి ఊపిరి తగిలింది.

"ఇప్పుడు చెప్పు బాబూ... నిజం."

ముసలామె గొంతు. చెబుదామనే నోరు తెరిచాడు. గొంతుకి ఏదో అడ్డం పడింది. ఊపిరాడక కూలబడ్డాడు.

పిల్లల్ని తీసుకొచ్చిన టీచరమ్మ పరుగున వచ్చి పక్కన కూర్చుంది. నోరు బాగా తెరవమంది. వేళ్ళకి నాలిక వెనక ఏదో మెత్తగా దొరికితే లాగింది. దీపపు ఒత్తి. చమురు కారుతోంది. మూరెడు వచ్చింది. బారెడు వచ్చింది. లాగేకొద్దీ వస్తూనే ఉంది...

అంతలో ఒత్తి బిగిసింది.

అతని కడుపులోంచి ఎవరో దాన్ని వెనక్కి లాగుతున్నారు.