దూది గది

ఆమె పరుపులోకి దూది కూరుతోంది. గుప్పెడు తర్వాత గుప్పెడు.

ధబ్!

పెరటి గోడ దూకి, తెరిచి ఉన్న తలుపులోంచి లోపలికొచ్చి పడతాడు మునిప్రసాద్. మోచేయి చీరుకుపోయింది. ఊపిరి అందడం లేదు.

"అమ్మా... తరుముతా ఉండారు... యాడన్నా దాపెట్టమ్మా!"

ఆమె తలెత్తుతుంది.

మెహరాజ్ బేగం!

కోర్టులో ప్రతి వాయిదాకూ ముందు బెంచీలో కూర్చున్న మనిషి. అజ్మల్ తల్లి!

ఆ అజ్మల్ లోపల ఉండగానే దూది గోడౌన్‌కి బయట గొళ్ళెం పెట్టి, నిప్పంటించింది మునిప్రసాదే. తాగిన మత్తులో, ఏదో పాత గొడవ మీద. ఈ పొద్దున్నే జైలు నుంచి విడుదలయ్యాడు. సత్యవేడు బస్టాండులో దిగీ దిగగానే... అజ్మల్ అన్న షాకిర్ కంట పడ్డాడు.

వీధిలో బైక్ ఆగుతుంది.

ఈ గదికి కిటికీ లేదు. ఒకటే తలుపు!

"నన్ను... పట్టిస్తావా అమ్మా?"

ఆమె అతన్నే చూస్తుంది. తర్వాత మూలనున్న దూది కుప్ప వైపు గడ్డం ఎత్తుతుంది.

"దూరు."

దూరతాడు. తెల్లటి చీకటి. ముక్కులో దూది. నోట్లో దూది. దగ్గు తన్నుకొస్తోంది... పిడికిలి కొరుక్కుంటాడు.

అజ్మల్‌కి కూడా ఇలాగే ఊపిరాడలేదా?

అడుగులు.

"అమ్మా! వాడు యాడ?"

"ఎవురూ రాలేదు, పోరా."

"గడప మీద నెత్తురుండాది కదమ్మా!"

సీసా మూత తిప్పిన చప్పుడు. ఆ తర్వాత... పెట్రోల్ వాసన!

"నువ్వు బయటికి రా. వాడు నా తమ్మునికి ఏం చేసినాడో, వానికీ అదే."

"జైలుకు పోయొచ్చినాడు కదరా."

"జైలా! ఆడ కుర్చీలల్లేది నేర్పించినారంట. పెద్ద చదువు! అజ్మల్‌కు ఎవురేం నేర్పించినారు మా?"

ఆమె వచ్చి కుప్పకు ఆనుకుని కూర్చుంటుంది. ఆ వెన్ను బరువు మునిప్రసాద్ భుజానికి తెలుస్తోంది.

"అంటించు. నన్నూ కలిపి."

"లెయ్ మా!"

దగ్గు ఆగలేదు!

దూదిలోంచి తల బయటపెడతాడు. ఎదురుగా షాకిర్. ఒక చేతిలో సీసా. ఇంకో చేతిలో వెలుగుతున్న లైటర్!

"నన్ను చంపుకో అన్నా. ఆమెను బయటికి పంపించు..."

"నువ్వు నోరు ముయ్!" ఆమె అరుస్తుంది. "షాకిర్, ఇనరా. వీనికీ ఒక తమ్ముడుండాడు. శ్రీసిటీ కంపెనీలో నైట్ డ్యూటీ చేసొచ్చి, వెనక వీధిలో ఒక్కడే తలుపేసుకోని పండుకోనుంటాడు. తమ్ముడు పోయినాడని నువ్వు ఏడ్సినట్టు, రేపు అన్న పోయినాడని వాడూ ఏడవాల్నా?"

షాకిర్ కళ్ళు మారతాయి.

లైటర్ ఆరిపోతుంది. సీసాకు మూత బిగిస్తాడు.

వెళ్ళిపోతాడు.

"నా బిడ్డ మంచోడు," అంటుంది ఆమె. "నేను చెప్తే ఇంటాడు..."

మునిప్రసాద్ నేలంతా వెతుకుతాడు.

సీసా లేదు. దాన్ని వెంట తీసుకెళ్ళాడు!

ఖట్!

బయట గొళ్ళెం.

"ఫోనుండాదా అమ్మా? ఫోను!"

"ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ వాని జేబులోనే..."

ఆమె రెండు చేతులతో తలుపు బాదుతోంది. "షాకిర్! రేయ్ షాకిర్!"

బైక్ కదిలింది... వెనక వీధి వైపు తిరిగింది!