చెవిటి బండి

2074లో కాకినాడ పిల్లలకు కారుకు సొట్ట పడుతుందని చెబితే నవ్వుతారు. సొట్ట బుగ్గకు పడాలి గానీ కారుకేమిటి అంటారు. వాళ్ళ తప్పేం లేదు. ఉప్పాడ రోడ్డులో లారీ రాసుకుపోయినా, పెరట్లో కొబ్బరికాయ నెత్తిన పడినా, గంట తిరిగేసరికి కారు మళ్ళీ నున్నగా నిగనిగలాడుతూ ఉంటుంది. భానుగుడి సెంటర్లో రెండు బళ్ళు గుద్దుకుంటే పోలీసు వచ్చేలోపు సాక్ష్యం మాయమైపోతుంది. పోనీ జనం తగువులు మానేశారా అంటే అదీ లేదు. సాక్ష్యం లేని తగువు ఇంకాస్త రుచిగా ఉంటుందని తెలుసుకున్నారు.

ఈ మాయకు కారణం సెల్ఫ్ హీలింగ్ అల్లాయ్. కాగితాల మీద స్వయంపూరక లోహం అని రాస్తారు. జనం మానురేకు అన్నారు, గాయం దానంతటదే మానే రేకు కనుక. ఆ పేరే నిలిచింది. దాన్ని కనిపెట్టిన డాక్టర్ సాకేత్‌కు ఇప్పుడు అరవై తొమ్మిదేళ్ళు. ఆయన పుట్టిన రోజుల్లో వీధికి నలుగురు సాకేత్‌లు ఉండేవారు. ఇప్పుడా పేరు వింటే తాతల కాలం నాటిదని పిల్లలు ముసిముసిగా నవ్వుకుంటారు.

మానురేకు లోపల వెంట్రుకలో వెయ్యోవంతు సన్నని లోహపు పోగుల అల్లిక ఉంటుంది. దెబ్బ తగలగానే పోగులు వదులై, ఆ బలాన్నంతా తమలోకి పీల్చుకుంటాయి. అదురు లోపలికి పోదు కనుక చప్పుడూ పోదు. బయట సుత్తితో కొట్టినా లోపల కూర్చున్నవాడికి తెలియదు. తరవాత బ్యాటరీ నుంచి అందే కొద్దిపాటి విద్యుత్తుతో పోగులు తమ మొదటి ఆకారాన్ని గుర్తు తెచ్చుకుని బిగుసుకుంటాయి. సొట్ట పోతుంది. నిజానికి పోదు, అణిగి ఉంటుంది. అది అణిగిన చోట అల్లికలో ఒక ముడి పడుతుంది.

రేకుకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఆ ముళ్ళు నిలుస్తాయి. ఆపైన రేకు ముసలిదై ముళ్ళు వదులవుతాయి. చివర పడిన ముడి ముందు ఊడుతుంది. అలా కొత్తవి ముందు, పాతవి తరవాత, ఒక్కొక్క సొట్టా తగిలిన నాడు ఎలా ఉందో అలాగే బయటపడుతుంది. షెడ్ల వాళ్ళు దీన్ని పాతదెబ్బలు లేవడం అంటారు. అది మొదలయ్యాక బండిని రోడ్డెక్కించకూడదు. నలభై రోజుల్లో రెంటిలో ఒకటి తేల్చుకోవాలి. బాగుచేయించడమంటే రేకును కొలిమిలో పెట్టి ముళ్ళన్నీ ఒకేసారి కరిగించెయ్యడం. మార్చడమంటే పాతదాన్ని నుజ్జుకిచ్చి కొత్తది తెచ్చుకోవడం. ఏది చేసినా పాతదెబ్బలు మిగలవు.

సాకేత్ కారుకు ఇరవై రెండేళ్ళు. గడువులో ముప్ఫై మూడు రోజులు గడిచిపోయాయి. ఆయన ఏదీ తేల్చలేదు.

"బండి గట్టిదేనండి మాస్టారూ. కొలిమిలో పెట్టి తీస్తే ఇంకో ఇరవై ఏళ్ళు ఢోకా లేదు. కొత్తది కావాలంటే అదిగో, పక్కనే ఉంది. మీ ఇష్టం, ఏదో ఒకటి చెప్పండి" అంది నూకరత్నం.

ఉప్పాడ రోడ్డులోని ఆ షెడ్డు ఆమెదే. అంతకుముందు పదిహేనేళ్ళు సాకేత్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా పనిచేసింది. రేకు గురించి ఆయన తరవాత ఆమెకే తెలుసు.

"ఇంకో వారం ఉంది కదమ్మా" అన్నాడు సాకేత్.

"వారంలో ఏం మారిపోద్దండి?"

"గేటు స్తంభం సొట్ట వస్తుందేమో."

ఆ సొట్ట కథ నూకరత్నానికి తెలుసు. 2052లో ఈ కారు ఇంటికొచ్చిన రోజున సాకేత్ భార్య లాస్య, తనే లోపల పెడతానని పంతం పట్టి, ఆటోమేటిక్ ఆపేసి, సరాసరి తీసుకెళ్ళి గేటు స్తంభానికి కొట్టింది. దిగి చూసుకుని, నవ్వాపుకోలేక నేల మీద చతికిలబడి, "మీ రేకుకి మొదటి పరీక్ష నేనే పెట్టానండీ" అంది. గంటలో సొట్ట పోయింది. లాస్య పోయి పదమూడేళ్ళయింది. ఆ నవ్వు తాలూకు గుర్తు లోకంలో ఇంకెక్కడా లేదు, ఈ రేకులో తప్ప. అయితే అది మొట్టమొదటి ముడి. అన్నిటికన్నా చివర ఊడాలి. అందుకే ఆయన రోజూ పొద్దున్నే షెడ్డుకు వచ్చి, కారు చుట్టూ తిరిగి, ఏ సొట్ట ఎప్పటిదో లెక్కవేసుకుని వెళుతున్నాడు. లాస్య పోయాక బండి పెద్దగా తీసింది లేదు కనుక వెనక్కి నడక త్వరగానే సాగింది. 2062 వరకు వచ్చింది.

"అక్కయ్యగారు దీన్ని చెవిటి బండి అనేవోరు కదండీ" అంది నూకరత్నం, టీ అందిస్తూ.

సాకేత్ నవ్వాడు. ఆ పేరు వెనక ఒక సంగతుంది. అది తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ సిగ్గేస్తుంది. 2039లో మానురేకు మొదటి పరీక్షకు బయలుదేరుతున్నప్పుడు, క్యారేజీ మరిచిపోయాడని లాస్య గుమ్మంలోంచి పిలిచింది. ఆ రోజు పెద్దల ముందు రేకు నిలువునా రెండుగా చీలింది. సాయంత్రం ఇంటికొచ్చి, "బయలుదేరే మనిషిని వెనక నుంచి పిలిచావు, ఇంకేమవుతుంది?" అని భార్య మీద విరుచుకుపడ్డాడు. లోహశాస్త్రంలో డాక్టరేటు ఉన్న మనిషి! ఓడినవాడికి ఎవరో ఒకరు దొరకాలి, అంతే. లాస్య ఆ రోజు నుంచి ఆయన్ని వెనక నుంచి పిలవలేదు. ఏదైనా చెప్పాలంటే వచ్చి కారు వెనక రెండుసార్లు తట్టేది. ఠంగుమని వినపడేది. ఆయన ఆగేవాడు.

మానురేకు కారు వచ్చాక తడితే వినపడలేదు. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందండీ దీన్ని కొట్టడం" అంది. సాకేత్ ఆ మాట ల్యాబ్‌లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. ఆమె మాత్రం అప్పటినుంచి, చెప్పాల్సింది ఉంటే ముందే వెళ్ళి గేటు దగ్గర ఎదురుగా నిలబడేది.

ముప్ఫై నాలుగో రోజు పొద్దున్న సాకేత్ వచ్చేసరికి కారు వెనక భాగం మీద టార్పాలిన్ కప్పి ఉంది. నూకరత్నం దాని ముందే నిలబడి ఉంది.

"ఇయ్యాలే కొలిమికి పంపేద్దామండి."

"నిన్నటిదాకా నా ఇష్టం అన్నావు?"

"నిన్నటి మాట నిన్నటిదండి. పోనీ నుజ్జుకిచ్చేసి కొత్తది తీసుకోండి. మీరు అలా కూర్చోండి, సంతకం ఒక్కటి పెడితే మిగతాది నేను చూసుకుంటాను."

"ఏదన్నా లేచిందా?"

"మీరనుకున్నది కాదండి" అంది. ఆయన మొహంలోకి చూడలేదు.

సాకేత్ టార్పాలిన్ తొలగించాడు.

డిక్కీ మీద మూడు సొట్టలున్నాయి. రెండు పక్కపక్కనే, లోతుగా. మూడోది జానెడు కింద, అంత లోతు లేదు. దాని నుంచి ఒక గీత కిందికి, బంపరు దాకా జారింది. గుండ్రటి సొట్టలు. ఒకవైపు మాత్రం గుండ్రం కాదు, నొక్కినట్టు చదునుగా ఉంది. సాకేత్ వేలితో ఆ అంచు తడిమి చూశాడు. ఆ ఆకారం ఆయన రోజూ చూస్తున్నదే. ఎక్కడ చూశాడో గుర్తురావడానికి కొంచెంసేపు పట్టింది. గుర్తొచ్చాక ఆటో ఎక్కి గాంధీనగర్‌లోని ఇంటికి వెళ్ళాడు. అరగంటలో తువ్వాలులో చుట్టిన వస్తువొకటి పట్టుకుని తిరిగొచ్చాడు.

అది లాస్య ఇత్తడి గరిటె. వాళ్ళమ్మ ఇచ్చింది, బరువైనది. పదమూడేళ్ళుగా ఆయన దాంతోనే చారు పోసుకుంటున్నాడు. దాని అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. ఆవిడ పడిపోయినప్పుడు నేలకు తగిలి అలా అయిందనుకున్నాడు.

గరిటె వీపును మొదటి సొట్టలో పెట్టాడు. అతికినట్టు సరిపోయింది.

2061 కార్తీకంలో మానురేకుకు ఢిల్లీలో సన్మానం పెట్టారు. ప్రయాణం ఒక్కరోజు వాయిదా వేసుకోమని అడిగింది లాస్య. ఎందుకో చెప్పలేదు. ఎందుకని ఆయనా అడగలేదు, కోపం తెచ్చుకున్నాడు. రెండు రోజులు మాటల్లేవు. పొద్దున్న ఏడింటికి 'వెళ్ళొస్తా' అని కూడా అనకుండా కారెక్కి, చదవబోయే ఉపన్యాసం విప్పుకున్నాడు. బండి దానంతటదే కదిలింది. దానికి వెనక కెమెరా ఉంది గానీ, ముందుకు పోయేటప్పుడు వెనకున్న మనిషి అడ్డు కాదు కదా! రాజమండ్రి విమానాశ్రయానికి చేరకముందే ఫోనొచ్చింది. కరివేపాకు కోసుకోవడానికి గేటు దగ్గరికి వచ్చి పడిపోయిందన్నారు. గుండెపోటన్నాడు డాక్టరు. సాగనంపడానికైనా బయటికి రాలేదే, కరివేపాకు కోసం వచ్చింది అని ఆయన పదమూడేళ్ళు ఏడ్చాడు. అప్పుడప్పుడు కోప్పడ్డాడు కూడా.

"ఆవేళ అక్కయ్యగారి చేతిలోంచి ఇది తీసింది నేనేనండి" అంది నూకరత్నం. "వేళ్ళు ఒక్కోటీ విడదియ్యాల్సొచ్చింది. వంట మధ్యలో కరివేపాకు కోసం వచ్చారని అందరూ అంటే నేనూ అదే అనుకున్నానండి. ఇయ్యాల పొద్దున్న ఇయి చూశాకే తెలిసింది. మీరు చూడకూడదనుకున్నాను మాస్టారూ."

సాకేత్ మూడో సొట్ట నుంచి కిందికి జారిన గీతనే చూస్తున్నాడు. అది ఆమె పడిపోతూ గీసినది. అప్పటికి కారు ఇంకా గేటు దాటి ఉండదు.

పక్కనే ఉన్న కొత్త కారు తలుపు తీశాడు.

"నేను లోపల కూర్చుంటాను. నువ్వు వెనక నిలబడి దీంతో మూడుసార్లు కొట్టు. గట్టిగా."

"నావల్ల కాదండి."

"టెక్నీషియన్‌వి కదమ్మా. పరీక్ష అనుకో."

తలుపు వేసుకున్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి కూడా మెల్లగా తీస్తూ చెవులు రిక్కించాడు. తన గుండె కొట్టుకోవడం వినపడింది. ఇంకేం వినపడలేదు. ఆమె చెయ్యాడక నిలబడిపోయి ఉంటుందనుకుని కాసేపు చూసి తలుపు తీశాడు.

"కొట్టమ్మా, ఫరవాలేదు."

"కొట్టేశానండి" అంది నూకరత్నం కళ్ళు తుడుచుకుంటూ. "మూడుసార్లూ కొట్టేశాను."

కొత్త డిక్కీ మీద మూడు సొట్టలు, అంచుల నుంచి అప్పుడే పూడుకుంటున్నాయి. సాకేత్ వాటిని చూస్తూ నిలబడ్డాడు. ఇలా పూడుకోవడం చూసే ఢిల్లీలో జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆయన వెళ్ళలేకపోయాడు, తరవాతెప్పుడో టీవీలో చూశాడు.

"అద్దాలు మామూలు అద్దాలే" అన్నాడు. "రేకే చెవిటిది. పిలిచి ఉంటే వినపడేది."

"అక్కయ్యగారు వెనక నుంచి పిలిచే మనిషి కాదు కదండీ."

"పిలిచే మనిషే. నేనే మాన్పించాను."

దెబ్బను దాచే రేకు తయారు చెయ్యడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది. లాస్య నోరు మూయించడానికి ఒక్క సాయంత్రం సరిపోయింది. ఆ మాట మీద ఆయనకు నమ్మకం కూడా లేదు. కోపంలో అనేశాడు. ఆమె మాత్రం చచ్చిపోతూ కూడా దాన్ని పాటించింది. ఒంట్లో బాగోక ఆపాలనుకుందో, సన్మానానికి వెళ్ళే మనిషికి ఒక మంచి మాట చెప్పి పంపాలనుకుందో ఇక ఎప్పటికీ తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆయన పాత కారు డిక్కీ మీద తల ఆనించి, ఎవరున్నారన్నది చూసుకోకుండా బిగ్గరగా ఏడ్చాడు.

నూకరత్నం ఆయన్ని ఏడవనిచ్చింది. తరవాత కాగితం తెచ్చి మెల్లగా అడిగింది.

"ఏం రాయమంటారండి? బాగుచెయ్యడమా, మార్చడమా?"

"రెండూ వద్దు. పదమూడేళ్ళ కిందట చెప్పిన మాట ఇవాళ చేరింది. ఇవాళే చెరిపేస్తానా?"

"గేటు స్తంభం సొట్ట కోసం ఆగుతారా మరి?"

"వస్తే వస్తుంది. దానికోసం కాదు."

"ఇలాగే ఉంచితే రోడ్డెక్కనివ్వరండి. నడవని బండి ఏం చేసుకుంటారు మాస్టారూ?"

"నడవక్కర్లేదమ్మా. ఆగితే చాలు" అన్నాడు సాకేత్. "ఆవిడ అడిగింది అదే కదా."

కాగితం మీద సంతకం పెట్టకుండానే ఇచ్చేసి, గుమ్మం వైపు నడిచాడు. ఒక్కసారిగా పదేళ్ళు మీద పడ్డట్టు నడుస్తున్నాడు. నూకరత్నం చూస్తే గరిటె కొత్త కారు మీదే ఉంది. తీసుకుని రెండడుగులు వేసింది. ఆయన అప్పటికే గుమ్మం దాటి రోడ్డు మీద కాలు పెడుతున్నాడు. పిలవబోయి ఆగిపోయింది. వెళ్ళే మనిషిని వెనక నుంచి పిలవకూడదని ఆమెకూ చిన్నప్పటినుంచి చెప్పారు. పక్కనే షెడ్డు ఇనుప తలుపు ఉంది, గరిటెతో దాని మీద కొడితే వినపడుతుంది. చెయ్యి ఎత్తింది కూడా. మళ్ళీ దించేసింది.

"మాస్టారూ!" అని గొంతెత్తి పిలిచింది.

సాకేత్ ఠక్కున ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. రోడ్డు మీద కార్లు చప్పుడు లేకుండా ఆయన పక్కనుంచి పోతున్నాయి.

"ఇంకోసారి పిలవమ్మా" అన్నాడు.